నూరు సీసీల చరిత్ర

అరవై దాటిన మనిషి మళ్ళీ మోటారు సైకిలు ఎక్కితే లోకం రెండు ప్రశ్నలు వేస్తుంది. ఈ వయసులో ఎందుకన్నది మొదటిది. ఎక్కేవాడు ఎక్కుతూ ఇంత చిన్న బండి ఎందుకన్నది రెండవది. మొదటి ప్రశ్న ఇంటివారిది, రెండవది వీధివారిది. ఇరవై రెండేళ్ళ ఎడం తరువాత 2023లో నేను నూరు సీసీల బండి ఒకటి కొని మా రాంనగర్ వీధుల్లో నడపడం మొదలుపెట్టినప్పటి నుంచి ఈ రెండింటికీ జవాబు చెప్పుకుంటూనే ఉన్నాను. తెలుగు పండితుణ్ణి కనుక, ఏ మాట ఎదురైనా అది ఎక్కడ పుట్టిందో వెతకడం నా అలవాటు. ఈ ప్రశ్నల విషయంలోనూ అదే చేశాను. రెండవ ప్రశ్నకు సమాధానం మన దేశపు వాహన చరిత్రలో దొరికింది. అది దొరికాక మొదటిదానికీ ఒక దారి కనిపించింది. ఆ సంగతులే ఇక్కడ ముచ్చటిస్తాను.

ముందుగా మాట గురించి ఒక మాట. తెలుగువాడికి చక్రాలున్నదల్లా బండే. ఎద్దులు లాగితే ఎద్దుబండి, పొగ వదిలితే పొగబండి, ఊళ్ళో తోసుకుపోయేది తోపుడుబండి. ‘ద్విచక్ర వాహనం’ అనే సమాసాన్ని పత్రికలూ ప్రభుత్వ ప్రకటనలూ వాడతాయి గాని, పొద్దున్నే తొందరలో ఉన్నవాడెవడూ ‘ద్విచక్ర వాహనపు తాళంచెవి ఏదీ?’ అని అడగడు. ‘బండి తాళం ఏదీ?’ అంటాడు. కనుక నేనూ ఈ వ్యాసంలో బండి అనే అంటాను.

1885లో జర్మనీలో గాట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాఖ్ కలిసి ఒక కొయ్య చట్రానికి పెట్రోలు ఇంజను బిగించి నడిపారు. మోటారు సైకిలు వంశవృక్షానికి అదే మూలమని చరిత్రకారులు సాధారణంగా చెబుతారు. ఆ వాహనం మన దేశానికి దొరల వెంట వచ్చింది. చాలాకాలం అధికారులు, సైనికులు, కలిగినవారు మాత్రమే ఎక్కగలిగారు. మన హైదరాబాదులో సామాన్యుడికి మోటారు అంటే బస్సే. నిజాం ప్రభుత్వ రైల్వే సంస్థ 1932 జూన్‌లో ఇరవై ఏడు బస్సులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించింది. ఈనాటి ఆర్టీసీకి మూలం అది. బస్సు అందనివాడు నడిచాడు, ఉన్నంతలో ఉన్నవాడు సైకిలు తొక్కాడు. నేను ఉద్యోగంలో చేరిన 1981లో మా ఉపాధ్యాయులలో చాలామంది సైకిళ్ళ మీదే బడికి వచ్చేవారు. పంచె కొంగు గొలుసులో చిక్కకుండా పైకి దోపుకుని, హ్యాండిలుకు జవాబు పత్రాల సంచీ తగిలించుకుని వచ్చే పెద్ద పండితులను చూసిన తరం మాది.

స్వాతంత్ర్యం తరువాత మన దేశంలోనే బండ్లు తయారుకావడం మొదలైంది. సరిహద్దుల గస్తీకి సైన్యం 350 సీసీల బుల్లెట్లను ఎంచుకున్నాక, 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా వెలిసింది. 1961లో మైసూరులో చెకొస్లొవేకియా నమూనాతో జావా తయారీ ఆరంభమైంది. అదే 1973 నుంచి యెజ్డీ అయింది. 1960ల తొలినాళ్ళలోనే ఎస్కార్ట్స్ సంస్థ పోలండ్ నమూనాతో 175 సీసీల రాజ్‌దూత్‌ను తెచ్చింది. ఈ మూడింటిలో దేని పేరు చూసినా అది ఎవరి కోసం పుట్టిందో తెలుస్తుంది. ఒకటి తుపాకి గుండు. ఒకటి రాజు పంపిన దూత. ఇంకొకటి ఇరాన్‌లోని యజ్ద్ పట్టణాన్ని తలచుకునే పేరు. వీటిలో బడిపంతులుకు తగిన పేరు ఒక్కటీ లేదు. నిజానికి ఇవి బడిపంతుళ్ళ కోసం వచ్చినవి కావు. పోలీసు ఇన్‌స్పెక్టరు, గుత్తేదారు, పాలుపెరుగుల వ్యాపారి, ఊళ్ళో భూములున్న ఆసామి వీటిని కొన్నారు.

నల్లగొండ జిల్లాలో మా మేనమామకు ఒక బుల్లెట్టు ఉండేది. 1979 వేసవిలో నేను దానిమీదే నేర్చుకున్నాను. ఈ కాలపు పిల్లలకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి. ఆనాటి బుల్లెట్టుకు గేరు కుడికాలి కింద ఉండేది, బ్రేకు ఎడమకాలి కింద ఉండేది. మొదటి గేరు పైకి, మిగిలిన మూడూ కిందికి. న్యూట్రల్ దొరకడం కష్టం కనుక దానికోసం మడమతో నొక్కే చిన్న మీట వేరుగా ఉండేది. కిక్కు కొట్టడానికి బలం చాలదు, పద్ధతి తెలియాలి. ఆంపియరు ముల్లు చూసుకుంటూ, డీకంప్రెషన్ మీట పట్టి, పిస్టను సరైన చోటికి వచ్చాక ఒక్క పోటు. పద్ధతి తప్పితే పిక్క మీద తిరుగుదెబ్బ తగిలేది. ‘దాన్ని లొంగదీయాలనుకోకురా, దాని మాట వినడం నేర్చుకో’ అనేవాడు మా మేనమామ. ఆ కుడికాలి గేరు సంగతిని పాఠకులు గుర్తుంచుకోండి, ముందు మళ్ళీ పనికి వస్తుంది.

మధ్యతరగతి మాత్రం స్కూటరు కోసం ఎదురు చూసింది. ఎన్ని బండ్లు తయారుచేయాలో కూడా ప్రభుత్వమే అనుమతి ఇచ్చే రోజులవి. 1972లో వచ్చిన చేతక్‌కు పేరు రాసుకుని ఏళ్ళ తరబడి కాచుకునేవారు. హల్దీఘాట్ యుద్ధంలో రాణా ప్రతాపుణ్ణి మోసిన గుర్రం పేరు అది. ఇక మన రాష్ట్రంలో, 1942లో స్థాపితమైన హైదరాబాద్ ఆల్విన్ పేరు మోస్తూ లాంబ్రెట్టా వంశానికి చెందిన పుష్పక్ స్కూటరు తిరిగేది. ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటు మిగిలే విమానం పుష్పకమని మన పెద్దలు చెబుతారు. ముందు నిలబడ్డ పిల్లవాడు, నడిపే తండ్రి, నడుమ ఆడపిల్ల, వెనుక చంటిబిడ్డతో తల్లి: నారాయణగూడ కూడలిలో ఆ స్కూటరును చూసిన ప్రతిసారీ, పేరు పెట్టిన మహానుభావుడెవరో గాని రామాయణం బాగా చదివినవాడే అనుకునేవాణ్ణి.

ఇందులో చేదు కూడా ఉంది. స్కూటరైనా మోటారు సైకిలైనా ఆ రోజుల్లో పెళ్ళిమాటల్లోకి వచ్చేది. ‘అబ్బాయికి బండి’ అన్న చిన్నమాట ఆడపిల్ల తండ్రి మెడకు ఎంత బరువో నా తోటి ఉపాధ్యాయుల ఇళ్ళలో చూశాను. బండి చరిత్ర రాసేవారు ఇంజను కొలతలు రాసి ఈ సంగతి వదిలేయడం న్యాయం కాదు.

అసలు మలుపు 1980లలో వచ్చింది. పెట్రోలు దిగుమతి భారమై, పొదుపైన బండ్లు కావలసి వచ్చింది. నూరు సీసీల లోపు ద్విచక్ర వాహనాలకు విదేశీ సాంకేతిక సహకారం తీసుకోవచ్చునని ప్రభుత్వం తలుపు తెరిచింది. నూరు అన్న సంఖ్య ప్రకృతి నియమం కాదు, యంత్రశాస్త్ర సూత్రమూ కాదు. అది ఒక విధాన నిర్ణయం గీసిన గీత. ఆ గీత లోపలే నలుగురు జపాను వారూ మన దేశంలో అడుగుపెట్టారు. 1984లో ఇండ్-సుజుకి, 1985లో హీరో హోండా సీడీ 100, అదే ఏడాది యమహా ఆర్ఎక్స్ 100, 1986లో కవాసాకి బజాజ్ వచ్చాయి. నాలుగూ నూరు సీసీల బండ్లే. అదే కాలంలో గీతకు బయట వచ్చిన పెద్ద బండి రాజ్‌దూత్ 350. యమహా ఆర్‌డీ 350 తోబుట్టువు. 1983లో వచ్చి ఆ దశాబ్దం గడవకముందే తెరమరుగైంది. వేగంలో దానికి సాటి లేదు. కాని దాని ధర, దాని పెట్రోలు దాహం మన జీతాలకు అందేవి కావు. ఈనాడు దాన్ని లక్షలు పోసి వెతికి కొనేవారున్నారు. ఆనాడు కొనగలిగినవారు లేరు.

ఆ నాలుగింటిలో మూడు రెండు స్ట్రోకుల ఇంజనులవి. సీడీ 100 ఒక్కటే నాలుగు స్ట్రోకులది. తేడా ఏమిటో మా బడిలో భౌతికశాస్త్రం మాస్టారు పిల్లలకు చెబుతుంటే విని నేర్చుకున్నాను. రెండు స్ట్రోకుల ఇంజను చక్రం తిరిగిన ప్రతిసారీ శక్తినిస్తుంది. అందుకే ఆర్ఎక్స్ 100 పదకొండు అశ్వశక్తులతో లేడిలా దూకేది. కాని లోపలికి వచ్చిన పెట్రోలులో కొంత మండకుండానే పొగగొట్టం దారి పడుతుంది. నూనె కూడా కలిసి మండుతుంది కనుక నీలిపొగ తప్పదు. నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లకు ఒకసారి మాత్రమే శక్తినిస్తుంది, బదులుగా తాగిన చుక్కకు లెక్క చెబుతుంది. పెట్రోలు నింపి మూతపెట్టి మరచిపొమ్మన్న సీడీ 100 ప్రకటన ఆ రోజుల్లో అందరి నోటా ఉండేది. మరచిపోవడం అనే సుఖం అప్పటిదాకా ఏ బండీ ఇవ్వలేదు. ప్లగ్గు విప్పి, ఉప్పుకాగితంతో గీకి, ఊదుకుని మళ్ళీ బిగించడం దినచర్యగా ఉన్న కాలం అది.

1987లో అప్పు తీసుకుని నేనూ ఒక సీడీ 100 కొన్నాను. రాంనగర్ నుంచి ఉప్పల్ దారిలోని మా పాఠశాలకు పద్నాలుగేళ్ళు దాని మీదే వెళ్ళాను. బడి ముగిశాక చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి, సాయంత్రం త్యాగరాయ గానసభకు, ఆదివారం ఆర్టీసీ క్రాస్ రోడ్డులోని సినిమా హాళ్ళకు అదే దిక్కు. బస్సు వేళలకు కట్టుబడిన మనిషి సభ ముగియకముందే లేచిపోవాలి. బండి ఉన్నవాడు చివరి పద్యం దాకా కూర్చోగలడు. నా సాహిత్య పరిచయంలో సగం ఆ చివరి అరగంటల్లో సంపాదించినదే.

ఈ కథ మన దేశానికి మాత్రమే చెందినది కాదు. జర్మనీలో 1939లో వచ్చిన డీకేడబ్ల్యూ ఆర్‌టీ 125 అనే చిన్న బండిని యుద్ధానంతరం పలు దేశాలు నమూనాగా తీసుకున్నాయి. ఇంగ్లండులో బీఎస్‌ఏ బాంటమ్, అమెరికాలో హార్లీ వారి చిన్న బండి, రష్యాలో మాస్క్వా, 1955లో యమహా వారి మొట్టమొదటి మోటారు సైకిలు, అన్నీ దాని ప్రతిరూపాలే. 1958లో జపాను నుంచి వచ్చిన హోండా సూపర్ కబ్ ఇంజను 49 సీసీలు మాత్రమే. 2017 నాటికి ఆ కుటుంబపు బండ్లు పదికోట్లు తయారయ్యాయి. ఏ మోటారు వాహనానికీ దక్కని సంఖ్య అది. యుద్ధం వల్ల కాని, పేదరికం వల్ల కాని, కొరత వల్ల కాని జనం చేతిలో డబ్బు తక్కువగా ఉండి పోవలసిన దూరం ఎక్కువగా ఉన్నచోటల్లా చిన్న బండి పుట్టింది. పెద్ద బండ్ల మీద కవిత్వం వచ్చింది, సినిమాలు వచ్చాయి. బతుకులు మాత్రం చిన్న బండ్ల మీద నడిచాయి. 2001లో హీరో హోండా సంఖ్యలో ప్రపంచంలోకెల్లా పెద్ద ద్విచక్ర వాహన సంస్థ అయిందంటే అది పాలవాళ్ళు, తపాలా ఉద్యోగులు, ఎరువుల కొట్ల గుమస్తాలు, మాబోటి పంతుళ్ళు కలిసి ఇచ్చిన పట్టం.

విచిత్రమేమిటంటే, ఆ సంస్థకు కిరీటం వచ్చిన ఆ 2001లోనే నేను నా బండి అమ్మేశాను. మాతో పనిచేసిన గణితోపాధ్యాయులు ఒకరు ఒక వర్షపు సాయంత్రం బడి నుంచి ఇంటికి వెళ్తూ రోడ్డు మీద పడిపోయారు. తలకు దెబ్బ తగిలింది. మూడవ రోజున పోయారు. వారి శిరస్త్రాణం ఉపాధ్యాయుల గదిలో మేకుకు తగిలించి ఉంది. దగ్గరి దూరమే కదా అని పెట్టుకోలేదు. దినవారాలు అయిన రాత్రి మా ఇంటావిడ నాతో, ‘ఏమండీ, మీరు ఆలస్యంగా వచ్చిన ప్రతి రోజూ నేను గేటు దగ్గరే ఉంటాను, ఆ సంగతి మీకు తెలియదు’ అన్నది. అంతకు మించి ఏమీ అనలేదు. మరుసటి నెలలో బండి వెళ్ళిపోయింది. ఆ తరువాత పదవీ విరమణ దాకా బస్సులోనే తిరిగాను.

ఇరవై రెండేళ్ళలో ఊరూ మారింది, బండీ మారింది. రాష్ట్రం మారి నంబరు పలకల మీద ఏపీ పోయి 2014లో టీఎస్ వచ్చింది, 2024లో టీజీ అయింది. కాలుష్య నిబంధనలు అంచెలంచెలుగా బిగుసుకోవడంతో రెండు స్ట్రోకుల మోటారు సైకిళ్ళు మాయమయ్యాయి. ఆర్ఎక్స్ 100 తయారీ 1996లోనే నిలిచిపోయింది. 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ దాకా మెట్రో వచ్చి చిక్కడపల్లికీ నారాయణగూడకూ స్టేషన్లు అమరాయి. 2023 ఆగస్టులో ఇందిరా పార్కు నుంచి మా వీఎస్‌టీ దాకా ఉక్కు వంతెన తెరిచారు. దానికి మన ప్రాంతపు నాయకులు నాయిని నర్సింహారెడ్డి గారి పేరు పెట్టారు.

ఇన్ని వసతులుండగా బండి ఎందుకని మా అబ్బాయి అడిగాడు. ‘నాన్నా, ఎక్కడికి కావాలన్నా ఆటో పిలుస్తాను, ఫోనులో ఒక్క నిమిషం పని’ అన్నాడు. వాడి ప్రేమలో లోపం లేదు. కాని ‘పిలుస్తాను’ అన్న క్రియకు కర్త ఎవరో చూడండి. పదవీ విరమణ తరువాత మనిషి వాక్యంలో కర్త స్థానం నుంచి మెల్లగా కర్మ స్థానానికి జరుగుతాడు. తీసుకెళ్తారు, దింపుతారు, ఎక్కిస్తారు. అందరూ మంచివారే, అన్నీ మంచికే. అయినా రాంనగర్ గుండు దగ్గర ఆటో కోసం నిలుచున్న ఒక మధ్యాహ్నం, గ్రంథాలయానికి వెళ్ళాలన్న కోరికను కూడా నేను ఇంకొకరి తీరికను బట్టి కుదించుకుంటున్నానని తోచింది. మెట్రో స్టేషను మా ఇంటికి నడిచే దూరంలో లేదు. మోకాళ్ళకు అది మరీ దూరం.

సరే, ఎక్కాలనుకున్నాను. ఏది ఎక్కాలి? మిత్రులందరూ పెద్ద బండి కొనమన్నారు. పాత పేర్లన్నీ మళ్ళీ బతికి వచ్చిన కాలమిది. జావా 2018లో, యెజ్డీ 2022లో తిరిగి వచ్చాయి. బుల్లెట్టు అసలు పోనేలేదు. యౌవనంలో కొనలేనిదాన్ని పెన్షను డబ్బుతో కొని ముచ్చట తీర్చుకోవడం తప్పేమీ కాదు. కాని ఇప్పటి 350 సీసీల బుల్లెట్టు బరువు 195 కిలోలు, నూరు సీసీల బండి బరువు సుమారు 110 కిలోలు. ఆ ఎనభై అయిదు కిలోల తేడా రోడ్డు మీద పరుగెత్తేటప్పుడు తెలియదు. చేపల మార్కెట్టు పక్క సందులో ఆదివారం పూట వెనక్కు నెట్టుకునేటప్పుడు, నిలిచి ఉన్న బండి ఒక పక్కకు ఒరిగేటప్పుడు తెలుస్తుంది. మళ్ళీ బండి ఎక్కేవాడికి జ్ఞాపకం అనేది ఇరవై ఏళ్ళనాటి దేహానిది, ఎక్కే దేహం ఇవాళ్టిది. పెద్ద బండి జ్ఞాపకంతో మాట్లాడుతుంది. చిన్న బండి దేహంతో మాట్లాడుతుంది. నాకు రెండవదే కావాలి.

కొన్న తరువాత వివరాలు చదువుతుంటే ఒక సంగతి చూసి ఆశ్చర్యపోయాను. ఇంజను 97.2 సీసీలు. 1985 నాటి సీడీ 100 ఇంజనూ సరిగ్గా 97.2 సీసీలే. నలభై ఏళ్ళలో ప్రభుత్వాలు మారాయి, రాష్ట్రాలు విడిపోయాయి, 2010 చివరలో హీరో, హోండా కూడా విడిపోతున్నట్టు ప్రకటించుకున్నాయి. ఆ కొలత మాత్రం నిలిచింది. ఎనిమిది అశ్వశక్తులు, నాలుగు గేర్లు, ఇద్దరు మనుషులు, ఒక సంచీ. కాని చుట్టూ ఉన్నది మారింది. 2020 ఏప్రిల్ నుంచి భారత్ స్టేజ్ 6 ప్రమాణాలు అమలులోకి రావడంతో కార్బొరేటరు పోయి, పెట్రోలును కొలిచి చిమ్మే యంత్రం వచ్చింది. చలికాలంలో చోకు లాగి చెవి పెట్టి వినే పని లేదు. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు ముందు దీపం ఆర్పే మీటే లేదు, పగలూ వెలుగుతూనే ఉంటుంది. 2019 నుంచి 125 సీసీల లోపు బండ్లకు జంట బ్రేకు తప్పనిసరి అయింది. కాలితో వెనుక బ్రేకు తొక్కితే ముందు చక్రం బ్రేకు కూడా కొంత పట్టుకుంటుంది.

ఈ జంట బ్రేకు విలువ మా తరానికి ప్రత్యేకంగా చెప్పాలి. ముందు బ్రేకు పడితే తలకిందులవుతామని మనకు నేర్పారు. నిజానికి బండి ఆగేటప్పుడు బరువంతా ముందుకు వస్తుంది కనుక ఆపే శక్తి ముందు చక్రానికే ఎక్కువ. అదిమి పట్టడం వేరు, గభాలున లాగడం వేరు. మా వీధి చివర ఖాళీ స్థలంలో తెల్లవారుజామున రెండు వారాలు ఈ ఒక్క పనే సాధన చేశాను. మనసు ఎప్పుడో మరచిన పాఠాన్ని కాలు మరవదు. నలభై నాలుగేళ్ళ కిందట కుడికాలు నేర్చుకున్న గేరు సంగతి లోపల ఎక్కడో ఉంది. ఈ బండికి కుడికాలి కింద ఉన్నది బ్రేకు. పద్నాలుగేళ్ళు సీడీ 100 నడిపిన కాలే అయినా, మొదట నేర్చిన లిపి లాంటిది ఆ బుల్లెట్టు పాఠం. తొందరలో అదే ముందుకు వస్తుందేమోనని జాగ్రత్తపడి, కూర్చోగానే ‘కుడి బ్రేకు, ఎడమ గేరు’ అని మనసులో అనుకోవడం ఇప్పటికీ మానలేదు. సంధ్యావందనంలో సంకల్పం లాంటిదే ఇదీ.

అనుమతి పత్రం సంగతి కూడా తిరిగి ఎక్కదలచినవారు తెలుసుకోవాలి. 2019 సవరణ ప్రకారం యాభై అయిదు దాటినవారికి లైసెన్సు అయిదేళ్ళకొకసారి పునరుద్ధరించుకోవాలి. గడువు తీరి ఏడాది దాటితే మళ్ళీ నడిపి చూపించాలి. నలభై దాటినవారికి వైద్యుడి ధ్రువపత్రం కావాలి. జీవితమంతా పరీక్షలు పెట్టినవాణ్ణి, మనవడి వయసు పిల్లల మధ్య వరుసలో నిలబడి ఎనిమిది అంకె ఆకారంలో బండి తిప్పి చూపించాను. అది అవమానమని కొందరు మిత్రులు అన్నారు. నాకు అలా తోచలేదు. మెడ రెండు వైపులా తిరుగుతోందా, ఎదుటి దీపపు వెలుగు కళ్ళకు చెదురుతోందా, అన్నవి లజ్జపడవలసిన ప్రశ్నలు కావు. గంటకు నలభై కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు పదకొండు మీటర్లు పోతుంది. వయసు వల్ల కాలు అర సెకను ఆలస్యంగా కదిలితే అయిదున్నర మీటర్లు అదనంగా పోతుంది. ఒక కారు పొడుగు కన్నా ఎక్కువ. లెక్క తెలిసినవాడు వేగం తగ్గించుకుంటాడు.

ఇక శిరస్త్రాణం. అరేబియా లారెన్సుగా పేరుపొందిన టి.ఇ. లారెన్స్ 1935 మేలో ఇంగ్లండులో తన పెద్ద మోటారు సైకిలు మీద నుంచి పడి ఆరు రోజులకు మరణించాడు. ఆయనను చూసిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఒకడు. ఆ మరణం ఆయనను వదలలేదు. సైన్యంలో వార్తలు మోసే మోటారు సైకిలు సిపాయిల తలగాయాలను పరిశీలించి, శిరస్త్రాణం ప్రాణాలు కాపాడుతుందని 1941లో ప్రకటించాడు. బ్రిటిషు సైన్యం ఆ ఏడే దాన్ని తప్పనిసరి చేసింది. ఒక ప్రసిద్ధుడి చావు నుంచి ఊరూపేరూ లేని లక్షలమందికి రక్ష దొరికింది. మన దేశంలో 1988 మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను దాన్ని తప్పనిసరి చేసింది. అయినా 2022లో మన దేశపు రోడ్ల మీద పోయిన 1,68,491 ప్రాణాలలో నూటికి నలభై నాలుగు ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారివే. ఆ సంఖ్య చదివినప్పుడు ఉపాధ్యాయుల గదిలో మేకుకు వేలాడిన ఆ శిరస్త్రాణమే నాకు కనిపిస్తుంది. ఐఎస్ఐ గుర్తున్న రెండు శిరస్త్రాణాలు కొన్న తరువాతే నేను బండి కొన్నాను. రెండవది మా ఇంటావిడకు.

ఆమెతో ఒప్పందాలు జరిగాయి. చీకటి పడ్డాక నడపను. వానలో నడపను. బయటి రహదారి ఎక్కను. నలభై దాటను. ‘ఇన్ని షరతులతో ఇంకేం మిగిలింది?’ అని ఒక మిత్రుడు నవ్వాడు. ఛందస్సు తెలిసినవాడు ఆ ప్రశ్న వేయడు. నాలుగు పాదాలు, యతి, ప్రాస, గణాలు అన్నీ షరతులే. పద్యం వాటిలోనే నడుస్తుంది. నాకు మిగిలింది బాగ్‌లింగంపల్లి మీదుగా గ్రంథాలయానికి దారి, అశోక్ నగర్‌లో పోటీ పరీక్షలు రాసే పిల్లల నడుమ పాత పుస్తకాలు తిరగేసే మధ్యాహ్నం, ఆమెకు నచ్చిన వేళకు చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి దర్శనం. నూరు సీసీలకు ఇంతకన్నా పెద్ద ప్రపంచం అక్కరలేదు.

మొదటి ప్రశ్నకు నా జవాబు ఇదే. యౌవనాన్ని తిరిగి తెచ్చుకోవడానికి ఎక్కేవాడు పెద్ద బండి వెతుకుతాడు, అది దొరకదు కనుక ఇంకా పెద్దది వెతుకుతాడు. ఉన్న వయసులో తన పని తాను చేసుకోవడానికి ఎక్కేవాడికి చిన్న బండి చాలు. కొరతలో పుట్టి, ఒక ప్రభుత్వ నిర్ణయపు గీతలో పెరిగి, తెలుగునాట లక్షల కుటుంబాలను మోసిన ఆ కొలత, వయసు మళ్ళినవాడికి కూడా అంతే సరిగ్గా అమరుతుందని దాన్ని గీసినవారు ఊహించి ఉండరు. చరిత్రలో మేలు చాలాసార్లు ఇలా ఉద్దేశించకుండానే జరుగుతుంది.

మీ ఇంట్లో మొదట ఏ బండి ఉండేదో, దాన్ని ఎవరు నడిపేవారో, వెనుక ఎవరు కూర్చునేవారో తీరిక ఉన్నప్పుడు మీ పిల్లలకు చెప్పండి. చిన్న బండ్ల చరిత్ర పుస్తకాలకెక్కింది తక్కువ. అది ఇంకా మన ఇళ్ళలోనే ఉంది.